సగంలో ఆపిన చికిత్స ఎవరి పాపం?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వల్ల 2022లో మన దేశంలో సుమారు 80 వేల మంది స్త్రీలు మరణించారు. వీరిలో మన తల్లులు, చెల్లెళ్ళు ఎందరో! వ్యాధే వారినందరినీ బలిగొన్నదని సరిపెట్టుకోవడం ఆత్మవంచన. కొందరి విషయంలో చికిత్సను సగంలో ఆపించిన మనమూ దోషులమే.

వ్యాధి ముదిరిన దశలో ప్రధాన చికిత్స రేడియేషన్. వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఐదు వారాలు బయటి నుండి కిరణాలు ప్రసరింపజేస్తారు. వారానికొకసారి కీమోథెరపీ ఇస్తారు. ఆపై గర్భాశయంలోకి పరికరాన్ని ప్రవేశపెట్టి లోపలి నుండి రేడియేషన్ ఇస్తారు. దీనినే బ్రాకీథెరపీ అంటారు. ఇదంతా ఎనిమిది వారాలలో పూర్తి కావాలి. జాప్యం జరిగేకొద్దీ వ్యాధి తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

జరుగుతున్నదేమిటి? కొన్ని వారాలకే రక్తస్రావం ఆగుతుంది. “తగ్గిపోయింది కదా, ఇంకెందుకు?” అంటారు ఇంటి పెద్దలు. బ్రాకీథెరపీ అనగానే “పరాయి మగవారి ముందా?” అంటారు. పేద కుటుంబాలకు ఆసుపత్రి కాగితాలు నింపిపెడుతూ ఈ మాటలు ఎన్నోసార్లు విన్నాను. ఆ ఇళ్ళ జనాజాల వెంటా నడిచాను.

హయా విశ్వాసంలో భాగమే, కాదనను. కాని స్త్రీ వైద్యురాలు లభించనప్పుడు అవసరమైనంత మేరకు పురుష వైద్యుని చేత చికిత్స చేయించుకోవచ్చని ధర్మశాస్త్ర పండితులు అనుమతించారు. వ్యాధిగ్రస్తులు రోజాలను తరువాత పూర్తి చేసుకునే వెసులుబాటును దివ్య ఖుర్ఆనే ఇచ్చింది. దైవప్రవక్త (స) మస్జిద్‌లో గుడారం వేసి క్షతగాత్రులకు సేవ చేసినది రుఫైదా అనే మహిళ. ధర్మం తెరచి ఉంచిన తలుపును మూయడానికి మనమెవరం?

బయటి రేడియేషన్ తీసుకుని ఇంటికి వచ్చిన స్త్రీ శరీరంలో కిరణాలు మిగిలి ఉండవు. ఆమె నిస్సంకోచంగా పసిబిడ్డను ఎత్తుకోవచ్చు. ఆమె కంచాన్ని, పక్కను వేరు చేయడం అజ్ఞానమే కాదు, దౌర్జన్యం కూడా.

ప్రభుత్వాలూ నిర్దోషులు కావు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు భరించింది, సంతోషమే. మరి ఐదు వారాల బస, భోజనం, కోల్పోయిన కూలి మాటేమిటి? జిల్లా మారుమూల నుండి ఒక బీడీ కార్మికురాలు ప్రతిరోజూ నగరానికి ఎలా వచ్చి వెళ్ళగలదు? మన సముదాయపు పేదరికాన్ని సచార్ కమిటీ 2006లోనే లెక్కలతో ప్రభుత్వం ముందుంచింది. నేటికీ మనకు దక్కుతున్నవి ఇఫ్తార్ విందులే!

ప్రభుత్వ రేడియేషన్ కేంద్రాలలో మహిళా టెక్నీషియన్లను నియమించాలి. రోగులకు, వారి సహాయకులకు ఉచిత వసతి కల్పించాలి. ఇది దయ కాదు, హక్కు. మస్జిద్ కమిటీలు నిరుపేద రోగుల ప్రయాణానికీ, బసకూ జకాత్ నుండి సాయపడాలి. ఖతీబులు జుమా ఖుత్బాలో ఈ వ్యాధి పేరు పలకడానికి సిగ్గుపడరాదు.

చికిత్స ఆరంభించిన ప్రతి స్త్రీ దానిని పూర్తి చేసి ఇంటికి రావాలి. అంతవరకు మన మౌనానికీ ఆ మరణాలలో వాటా ఉంటుంది.