ఈసా నగరి మనకు తెలియని పేట కాదు

పాకిస్తాన్‌లోని క్వెట్టా పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది: "క్వెట్టాలో చర్చి మీద దాడి, సహోదరుల కోసం అత్యవసరంగా ప్రార్థించండి." 2025 సెప్టెంబరు 30న అక్కడి జర్ఘూన్ రోడ్డులో కారు బాంబు పేలినప్పుడూ మాకు అదే వచ్చింది. ఆ రోజు దాడి జరిగింది పారామిలిటరీ దళం ప్రధాన కార్యాలయం మీద. కనీసం పదిమంది చనిపోయారు. అది చర్చి మీద దాడి కాదు.

పంపినవారిని తప్పు పట్టలేం. బెతెల్ మెమోరియల్ మెథడిస్టు చర్చి ఉన్నది కూడా ఆ జర్ఘూన్ రోడ్డులోనే. 2017 డిసెంబరు 17, క్రిస్మస్‌కు వారం రోజుల పైచిలుకు ముందు, ఆదివారం. లోపల నాలుగు వందల మంది దాకా ఆరాధనలో ఉన్నారు. ఇద్దరు ఆత్మాహుతి దాడికి వచ్చారు. ఒకడిని గేటు దగ్గరే కావలివాళ్లు కాల్చేశారు, రెండోవాడు తలుపు దాకా వచ్చి పేల్చుకున్నాడు. తొమ్మిదిమంది చనిపోయారు, యాభైమందికి పైగా గాయపడ్డారు. కావలివాళ్లు లేకపోతే ఆ రోజు లెక్క ఎంతకు చేరేదో ఊహించుకోవడానికే భయమేస్తుంది.

తర్వాతి సంవత్సరం ఈస్టరు ఏప్రిల్ 1న వచ్చింది. మర్నాడే, పండుగకు చుట్టాలింటికి పంజాబు నుండి వచ్చిన ఒక క్రైస్తవ కుటుంబంలో నలుగురిని రిక్షాలో వెళ్తుండగా కాల్చి చంపారు. రెండు వారాలు తిరక్కుండా, ఏప్రిల్ 15 ఆదివారం సాయంకాలం, ఈసా నగరి అనే పేటలో మరో ఇద్దరిని కాల్చారు. ఉర్దూలో ఈసా అంటే యేసు. ఈసా నగరి అంటే యేసు ఊరు. క్వెట్టాలో క్రైస్తవులు గుంపుగా ఉండే చోటు అది.

ఇంతవరకు మన ప్రార్థన కూడికల్లో చెప్పుకుంటూనే ఉన్నాం. మేము అడగదలచిన ప్రశ్న వేరు. యేసు పేరు పెట్టుకున్న పేట అంటూ ఒకటి ఎందుకు ఏర్పడింది? ఆ నగరపు క్రైస్తవులు అందరి మధ్యా కాక ఒకచోటే ఎందుకున్నారు? భయంతో అని చటుక్కున జవాబు వస్తుంది. కాని ఇలాంటి పేటలు బాంబుల కంటే ఎంతో పాతవి.

1870లలో సియాల్‌కోట్ ప్రాంతంలో దిత్ అనే కుంటివాడు ఉండేవాడు. చూహ్రా కులంవాడు, తోళ్లు కొని అమ్ముకొనేవాడు. 1873లో ఆయన బాప్తిస్మం పొంది తిరిగి తన ఊరికే వెళ్లి చుట్టాలకు సువార్త చెప్పాడు. ఆయన వెనక పంజాబులో ఆ కులం కులమే కదిలింది. పాకిస్తాన్ క్రైస్తవుల్లో అధిక సంఖ్యాకులు ఆ ఉద్యమం సంతానమే.

ఈ కథ వింటుంటే మనకు ఎవరు గుర్తుకు రావాలి? ఒంగోలు ప్రాంతపు ఎర్రగుంట్ల పేరయ్య. ఆయనా తోళ్ల వ్యాపారే, మాదిగవాడు. దిత్ కంటే ఏడేళ్ల ముందు, 1866 ప్రాంతంలో. పన్నెండేళ్లకు, కరవు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు తోళ్ల వ్యాపారులు, ఉపఖండానికి రెండు కొసల్లో, ఒకే తరంలో. వేదాంత కళాశాలలో మేము సంఘ చరిత్ర చదివిన రోజుల్లో ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడమని మాకెవరూ చెప్పలేదు.

పంజాబులో మారినవాళ్లకు భూమి లేదు. వాళ్లలో చాలామంది రైల్వేలు, కంటోన్మెంట్లు, మునిసిపాలిటీలు ఎక్కడ మనుషుల్ని పిలిస్తే అక్కడికి వెళ్లారు. తెల్లవాళ్లు సరిహద్దు కాపలాకు పెంచిన దండు ఊరు క్వెట్టా. దానికీ ఊడ్చేవాళ్లు, మోసేవాళ్లు, కాలవలు తీసేవాళ్లు కావలసివచ్చారు. దేశం రెండుగా చీలినా చీపురు మాత్రం చేతులు మారలేదు. పాకిస్తాన్‌లో క్రైస్తవులు వందకు ఇద్దరు కూడా లేరు. పారిశుధ్య పనిలో మాత్రం సింహభాగం వారే. ఆ కొలువులకు ముస్లిమేతరులే దరఖాస్తు చేసుకోవాలని బహిరంగంగా ప్రకటనలు ఇచ్చిన కార్యాలయాలు ఉన్నాయి. అందుకే అక్కడివారు తమను "ఈసాయీ" అంటే ఇష్టపడరు, "మసీహీ" అనిపించుకుంటారు. మొదటి మాటకు చీపురు వాసన అంటుకుంది. మన పల్లెల్లో "కిరస్తానంవాళ్లు" అనే మాటను కొందరు ఏ గొంతుతో పలుకుతారో తెలిసినవారికి ఇంకా వివరించనక్కరలేదు.

2017 జూన్‌లో సింధు రాష్ట్రంలోని ఉమర్‌కోట్‌లో ఒక మసీహీ కార్మికుడు మ్యాన్‌హోల్‌లో దిగి విషవాయువుకు పడిపోయాడు. ఒంటినిండా మురుగు ఉందని, తాము ఉపవాసంలో ఉన్నామని వైద్యులు ముట్టుకోలేదని కుటుంబం ఆరోపించింది. ఆయన చనిపోయాడు. అతణ్ణి చంపింది ఏ ఉగ్రవాద సంస్థా కాదు. హతసాక్షుల జాబితాలో ఆ పేరు చేరదు. చేరకపోవడమే మమ్మల్ని వేధిస్తోంది. తుపాకీతో చంపితే సంఘమంతా మోకాళ్ల మీదికి వస్తుంది, మురుగులో చస్తే అది మునిసిపాలిటీ వార్త. మన నగరాల్లోనూ మ్యాన్‌హోళ్లలో ఊపిరాడక పోయినవారున్నారు. మనుషులతో ఆ పని చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చినా చావులు ఆగలేదు. వారి కోసం మన ఆరాధనలో ఎన్నిసార్లు పేరుపెట్టి ప్రార్థించాం?

ఇంకొక మాట. క్వెట్టా పడమటి శివార్లలో హజారా టౌన్ అనే బస్తీ ఉంది. అక్కడివారు షియా ముస్లిములు. పూర్వికులు అఫ్గానిస్తాన్ నుండి ప్రాణాలు చేతబట్టుకొని వచ్చినవారు. మధ్య ఆసియా పోలికల ముఖాలు గనుక ఎక్కడ కనబడినా గుర్తుపడతారు, బస్సులు ఆపి దింపి మరీ చంపారు. 2013 జనవరి 10న అదే నగరంలో హజారాలు ఉండే అలందార్ రోడ్డులో జంట పేలుళ్లు. ఎనభైమందికి పైగా పోయారు. గడ్డకట్టే చలిలో కుటుంబాలు శవాలను రోడ్డు మీద పెట్టుకొని, పాతిపెట్టం అని రోజుల తరబడి కూర్చున్నాయి. ఆ పట్టుదలకు రాష్ట్ర ప్రభుత్వమే రద్దయింది. ఇంకా నెలన్నర గడవకముందే, ఫిబ్రవరి 16న, హజారా టౌన్ బజారులో నీళ్ల ట్యాంకులో పెట్టిన బాంబు మళ్లీ అంతమందిని తీసుకుపోయింది.

ఈ రెండు బస్తీలకూ దొరికిన రక్షణ ఒక్కటే: చెక్‌పోస్టు, ముళ్లకంచె, గేటు దగ్గర తుపాకీ. అది అవసరమే, బెతెల్ చర్చి గేటు దగ్గర చూశాం. కాని గేటు లోపల ఉన్నంతసేపే ప్రాణం దక్కుతుందంటే చదువుకు, కొలువుకు, కూరగాయలకు బయటికి వచ్చేదెలా? ఒక తరం పిల్లలు ఆ నాలుగు వీధుల్లోనే పెరిగి పెద్దవాళ్లయ్యారు. ఈసా నగరి పిల్లవాడికి ఇంకో కంచె కూడా ఉంది, నాన్న చేతిలోని చీపురు. దాన్ని దాటించడానికి సైన్యం చాలదు. దానికి బడి, జీతం, పక్కవీధిలో అద్దెకు ఇల్లు ఇచ్చే మనిషి కావాలి. అక్కడి సంఘాలకు సహాయం చేయాలనుకొనే మనవాళ్లు గేటు కట్టడానికి ఇచ్చినంత సంతోషంగా ఫీజు కట్టడానికీ ఇవ్వాలని మా అభిప్రాయం.

మొన్న ఆదివారం ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఈసా నగరితో పాటు హజారా టౌన్ పేరు కూడా చదివాం. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఆ రెండోవాళ్లు మనవాళ్లేనా?" అని అడిగారు. మునిసిపాలిటీలో ముప్పయ్యేళ్లు ఊడ్చి రిటైరైన మనిషి. కాదు, ముస్లిములని చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, "ఊరి బయట ఉంటారా?" అన్నారు. అవునన్నాం. వచ్చే వారం ఆ మనవి తాను చేస్తానని పేరు రాయించుకొని వెళ్లారు.