టీబీ అని తేలింది.. ఏ మందుకు లొంగుతుందో తేలిందా?

2025 కల్లా దేశంలో క్షయను అంతం చేయాలన్న గడువు దాటిపోయింది. ప్రపంచంలోని టీబీ బాధితుల్లో దాదాపు నాలుగో వంతు ఇప్పటికీ మనవాళ్లే. కొత్త యంత్రాలు, కొత్త మందులు వచ్చినా ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా ‘ఇది టీబీయేనా?’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు. ఏ మందుకు లొంగే టీబీ అన్న రెండో ప్రశ్న వెనకబడిపోతోంది.

కళ్లెను గాజు పలక మీద పూసి మైక్రోస్కోపుతో చూసే పాత పరీక్ష చవకే. కానీ మిల్లీలీటరు కళ్లెలో 5 వేల నుంచి 10 వేల క్రిములుంటే గానీ అందులో కనపడవు. కనపడినా, మందుకు చచ్చే క్రిమి, చావని క్రిమి చూడ్డానికి ఒకేలా ఉంటాయి!

సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు క్రిమి డీఎన్ఏను పట్టుకుంటాయి. గోవా కంపెనీ తయారుచేసిన ట్రూనాట్ బ్యాటరీతోనూ నడుస్తుంది కాబట్టి చిన్న ఆస్పత్రుల్లోనూ పెట్టొచ్చు. టీబీ ఉందా, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందా అన్నది కొన్ని గంటల్లోనే తెలుస్తుంది. మెలిక ఇక్కడే ఉంది. మామూలుగా చేసే ఈ పరీక్షలు మరో కీలక మందు ఐసోనియాజిడ్ సంగతి చెప్పవు. రిపోర్టులో ‘రిఫాంపిసిన్ నిరోధకత లేదు’ అని చూసి అన్ని మందులూ పనిచేస్తాయని అనుకుంటే పొరపాటే. ఐసోనియాజిడ్‌కు లొంగని టీబీని గుర్తించకపోతే భారమంతా మిగతా మందుల మీద పడుతుంది. చివరికి రిఫాంపిసిన్‌కూ లొంగకుండా పోవచ్చు. దీన్ని తేల్చేందుకు ‘లైన్ ప్రోబ్’ పరీక్ష ఉంది. క్రిమిని పెంచి చూసే కల్చర్‌కైతే 6 వారాల దాకా పడుతుంది.

అందుకే నమూనా మందులు మొదలెట్టక ముందే ఇవ్వాలి. వారాలుగా తగ్గని దగ్గుకు లీవోఫ్లాక్సాసిన్ కోర్సు వాడి చూడటం మన దగ్గర మామూలైపోయింది. అది టీబీ మీద కూడా పనిచేసే మందు. నాలుగు రోజులు ఉపశమనం ఇచ్చి, అసలు జబ్బును కప్పిపెడుతుంది.

మెడ గడ్డలకు, వెన్నెముకకు వచ్చే టీబీలో మరో చిక్కుంది. బయాప్సీ ముక్క మొత్తాన్ని ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ కుదరదు. ఆ ముక్క కోసం మళ్లీ కత్తి పెట్టించుకోవాల్సిందే. ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగండి: ఒక ముక్క ఫార్మలిన్‌లో, ఇంకోటి సెలైన్‌లో.

మొండి టీబీకి ఒకప్పుడు ఏడాదిన్నర, రెండేళ్లు మందులు మింగాల్సి వచ్చేది. 2024లో కేంద్రం అనుమతించిన నాలుగు మందుల ‘బీపాల్ఎం’ చికిత్స చాలామందికి 6 నెలల్లో పూర్తవుతుంది. అది ఎవరికి ఇవ్వాలో చెప్పాల్సింది మళ్లీ ల్యాబే. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుంటున్నా, ప్రభుత్వ టీబీ కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితమే.