రోగి ఒక్కరే, క్లాసులే వేరు

పక్షవాతంతో చేరిన పెద్దాయన మంచం చుట్టూ పొద్దున్నే ఎంబీబీఎస్ విద్యార్థులు ప్రొఫెసర్ వెనక నిలబడతారు. మోకాలి మీద సుత్తితో కొట్టి రిఫ్లెక్సులు చూస్తారు. వాళ్లు వెళ్లాక మా బీఎస్సీ నర్సింగ్ పిల్లలు బీపీ రాసుకుని, వీపున పుండ్లు పడకుండా ఆయన్ని పక్కకు తిప్పుతారు. మధ్యాహ్నానికి ఫిజియోథెరపీ వాళ్లొస్తారు. ముగ్గురూ చూసేది ఒకే కేస్‌షీటు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నర్సింగ్ టీచర్‌గా నేను రోజూ చూస్తున్న సంగతి ఇది.

ఆయనకు మొదటి గుక్క నీళ్లు ఎప్పుడు పట్టాలి? మింగగలడో లేదో చూడకుండా పడితే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. అందరూ చదువుకున్నదే. కానీ "దాహమంటున్నాడు, ఇవ్వచ్చా అమ్మా?" అని ఆయన కూతురు అడిగేది మా అమ్మాయినే. ఆ అమ్మాయి వెళ్లి హౌస్ సర్జన్‌ని అడగాలి. అడగడానికి జంకుతుంది. ఆ జంకు రోగికి ప్రమాదం.

ఆ జంకు పోవడానికి అన్ని కోర్సుల వాళ్లనూ కలిపి క్లాసు పెడదామంటే మా పిల్లలు సంబరపడతారు. అంతలోనే "వాళ్ల ముందు తప్పు చెబితే ఎలా మేడం?" అంటారు. ఎంబీబీఎస్ మొదటి ఏడాది వాళ్లకు ఉత్సాహం ఎక్కువ. ఫైనలియర్ వాళ్లేమో "ఎగ్జామ్‌లో వస్తుందా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నను నేను తప్పుపట్టను. మార్కులు రాని చదువుకు టైం ఇవ్వొద్దని ఇంటర్ నుంచీ వాళ్లకు నూరిపోసింది మనమే. నర్సుల మీద చిన్నచూపూ మనం నేర్పిందే. నర్సు చెబుతుంటే వినకుండా పెద్ద డాక్టరు పక్క మంచానికి వెళ్లిపోతే, వెనకున్న విద్యార్థులందరికీ ఆ రోజు పాఠం అదే అవుతుంది.

స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయం 1986లోనే వైద్య, నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులకు ఉమ్మడి పాఠాలు మొదలుపెట్టింది. 1996లో ఒక శిక్షణ వార్డునే వాళ్లకు అప్పగించింది. పెద్దల పర్యవేక్షణలో విద్యార్థులే జట్టుగా రోగులను చూసుకుంటారు. విజయవాడలో మన ఆరోగ్య విశ్వవిద్యాలయం పుట్టిందీ 1986లోనే. ఎంబీబీఎస్‌కీ నర్సింగ్‌కీ ఫిజియోథెరపీకీ పరీక్షలు పెట్టేది అదే. తెలంగాణలో వరంగల్ కాళోజీ విశ్వవిద్యాలయానిదీ అదే పని. ఇన్ని కోర్సులు ఒకే గొడుగు కింద ఉన్నా, ఆ పిల్లలను ఒకచోట కూర్చోబెట్టడం మనకింకా అలవాటు కాలేదు.

ఆడిటోరియంలో వందల మందికి ఉపన్యాసం ఇప్పిస్తే ఉపయోగం లేదు. ఒక రోగి, ఆరుగురు విద్యార్థులు, అరగంట చాలు. ఇంటికెళ్లాక ఆయనను ఎవరు నడిపించాలి, మాత్రలు ఎప్పుడు వేయాలి, ఏం తినిపించాలి అన్నది ఆరుగురూ కలిసి ఒకే కాగితం మీద రాసి ఆ కూతురికి వివరించాలి. చదువు మొదలైన తొలి ఏడాదిలోనే ఇది జరగాలి. జంకూ చిన్నచూపూ ముదిరాక పెడితే మొక్కుబడిగా మిగులుతుంది.

రెండు విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఈ ఉమ్మడి కేసుకు అన్ని కోర్సుల ఇంటర్నల్స్‌లోనూ మార్కులు పెట్టండి.