ఒక్క బంతిలో ఊరంతా!

మార్చి మూడో వారం వచ్చిందంటే చాలు... కోదాడ, హుజూర్‌నగర్ వైపు ఇళ్లల్లో ఫోన్లు మోగుతుంటాయి. ‘వదినా, పిల్లల్ని తీసుకుని రెండ్రోజులు ముందే రావాలి. తిరునాళ్లయ్యాక వద్దామంటే ఊరుకునేది లేదు!’ సంక్రాంతి అయిపోయింది. దసరా చాలా దూరం. మరి ఈ పిలుపులు దేనికి? మఠంపల్లి శుభవార్త పండుగకి!

సూర్యాపేట జిల్లాలో కృష్ణా తీరానికి చేరువలో ఉంటుంది మఠంపల్లి. ఇక్కడి క్యాథలిక్ చర్చి పేరే శుభవార్త దేవాలయం. ‘నీకు కొడుకు పుడతాడు’ అంటూ గాబ్రియేలు దూత మరియమ్మకు చెప్పిన కబురే ఆ శుభవార్త. అది మార్చి 25. అక్కడినుంచి లెక్కపెడితే డిసెంబరు 25కి సరిగ్గా తొమ్మిది నెలలు!

పండుగంటే ప్రార్థనలొక్కటే కాదు. చర్చిలో పూజ అయ్యాక జనమంతా ఎడ్ల పందేల దగ్గరే. బలిసిన ఒంగోలు జతలు బండరాయిని లాగుతుంటే, ఎవరి జత ఎంత దూరం లాగిందన్నదే ఆ పూట ముచ్చట. అక్కడ గట్టిగా ఈల వేసేవాడిది ఏ మతమో ఎవరూ అడగరు.

ఇక వంటల సంగతి. నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలాక ఈ చుట్టుపక్కల బతుకే మారింది. ఎడమ కాలువ కింద వరి పండింది. మిర్యాలగూడలో రైసు మిల్లులు వెలిశాయి. కృష్ణ అవతలి నుంచి రైతు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. వాళ్లతోపాటు రుచులూ నది దాటాయి. అందుకే ఈ వైపు విందుల్లో బగారన్నం పక్కనే గోంగూర కనిపిస్తుంది. తెలంగాణ మసాలా, గుంటూరు కారం ఒకే విస్తరిలో సర్దుకుంటాయి.

అయితే ఇందులో ఓ చిక్కుంది. శుభవార్త పండుగ దాదాపు ప్రతిసారీ ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలంలోనే పడుతుంది. శుక్రవారాల్లో మాంసం ముట్టకూడదు. కొందరైతే నలభై రోజులూ మానేస్తారు. మరి చుట్టాలొచ్చిన రోజు పొయ్యి మీద ఏం పెట్టాలి? చర్చి నియమాల్లోనే దీనికి జవాబుంది. శుభవార్త మహోత్సవం కాబట్టి, శుక్రవారం వచ్చినా ఆ రోజుకి మాంసం నిషేధం వర్తించదు. 2022లో మార్చి 25 శుక్రవారమే! ఒకవేళ పండుగ పవిత్ర వారంలో పడితే తేదీయే జరుగుతుంది. 2024లో అలాగే చర్చి క్యాలెండర్‌లో అది ఏప్రిల్ 8కి మారింది. ఉపవాసానికి ఎంత విలువుందో, అతిథికీ అంతే విలువుందన్నమాట.

2025లో మరో విశేషం. మార్చి 25 నాటికి క్రైస్తవులకు తపస్సు కాలం, ముస్లింలకు రంజాన్ ఉపవాసాలు కలిసి నడుస్తున్నాయి. అలాంటి ఏడాది ముస్లిం స్నేహితుణ్ని విందుకు పిలవాలంటే పొద్దుగుంకే దాకా ఆగాలి. వంట ఎంత కమ్మగా కుదిరినా, ఎవరు ఎప్పుడు తింటారో తెలిసుండటమే అసలైన మర్యాద.

ఈ మర్యాద జిల్లాకు కొత్తేమీ కాదు. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకునే హిందువులు ఎందరో! అక్కడ కందూరు చేసి, ఫాతెహా చదివించి, అందరికీ వడ్డిస్తారు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో లింగమంతుల స్వామికి శాకాహార నైవేద్యం, చౌడమ్మకు వేటలు. దేవుడికో రుచి, అమ్మవారికో రుచి... భక్తులకు రెండూ తమవే!

అంతా బాగానే ఉంది. కానీ బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు? విందు పెట్టే ప్రతి ఊరూ వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. శిలువ మెడలో వేసుకున్నంత మాత్రాన కులం ఇంటి బయటే ఆగిపోలేదు. సాక్షాత్తూ భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్యే 2016లో దళితుల సాధికారతపై విడుదల చేసిన విధాన పత్రంలో చర్చిలోనూ వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ కూడా ఆయనే. రోమ్‌లో దొరికిన ఆ గౌరవం ఊరి బంతిలోనూ దొరికితేనే దానికి నిండుదనం.

పంచుకోవడం విలువ ఎంతో 2020 చెప్పింది. ఆ ఏడాది మార్చి 25నే ఉగాది. అదే రోజు శుభవార్త పండుగ. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే! రెండు పండుగలు ఒక్క తేదీన కలిశాయి. మనుషులు మాత్రం కలవలేకపోయారు. ఉగాది పచ్చడి గిన్నె పక్కింటికి వెళ్లలేదు, పండుగ కూర గిన్నె తిరిగి రాలేదు.

ఇప్పుడు గిన్నెలు మళ్లీ గడప దాటుతున్నాయి. ఈసారి పిలుపులు మొదలైనప్పుడు చుట్టాల జాబితాతో ఆగక, ఇన్నేళ్లూ పిలవని వీధి వైపు కూడా ఓసారి చూస్తే సరి. బంతిలో చోటుకేం కొదవ? కాస్త జరిగి కూర్చుంటే చాలు.