కోయలేని చోట గడ్డి ఎందుకు?

మా నందిగామలో కొత్త ఇల్లు కట్టినవాళ్లు ముందుగా పచ్చగడ్డి పరిపిస్తున్నారు. చదునైన చోట సరే. ప్రహరీ పక్క ఏటవాలు కట్ట మీద కోత మిషన్ నిలవదు, కొడవలి పట్టే మనిషి దొరకడు. నన్నడిగితే అక్కడ గడ్డే వద్దు. ఎండ పడే కట్టకు నాచుపూల కొమ్మలు జానెడు దూరంలో గుచ్చండి. ఆకుల్లోనే నీరు దాచుకుంటాయి, మే ఎండకూ పూస్తాయి. మన నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి, ఇసుక కలపండి. తేమ ఉన్నచోట చెరువుగట్ల బొక్కెనాకు చాలు. కణుపుకణుపునా వేరు దించి మట్టిని పట్టేస్తుంది, దాని బుల్లి పూలకు తేనెటీగలు మూగుతాయి. నర్సరీవాళ్లు అంటగట్టే పచ్చపూల వెడీలియా మాత్రం వద్దు. ప్రపంచంలోని 100 అతి చెడ్డ చొరబాటు జాతుల్లో అదొకటి. తొలి వానాకాలం కలుపు చేత్తో పీకండి. ఆపై కోత బాధ ఉండదు.