గుడి మనది, పెత్తనం ఎవరిది?



"సంఘం పల్చబడిపోతోంది, కుర్రాళ్లు మాట వినడం లేదు, జనం వీధికో కొత్త మందిరం చూసుకుంటున్నారు" అని మన అయ్యగార్లు బాధపడుతున్నారు. తప్పంతా జనానిదేనట! పొద్దున పదింటికి గంట కొడితే కూలికి పోయిన మనిషి ఎట్లా వస్తాడు? ఆదివారం పనికి పోకపోతే పొయ్యి వెలగని ఇళ్లు వాడలో ఎన్ని లేవు? పట్నం వలసపోయిన పిల్లోడు పండక్కి వస్తే చందా బాకీ చెప్తారు గానీ, "ఎట్లా బతుకుతున్నావురా?" అని అడుగుతున్నారా? కాలం మారింది, జనం మారారు. మారనిది కుర్చీ ఒక్కటే.

ఈ సంఘాన్ని ఎవరు లేపారో గుర్తుచేసుకుందాం. 1866లో బాప్తిస్మం పుచ్చుకున్న యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. ఆయన ఏ ఆఫీసు ఆర్డరు కోసమూ కూర్చోలేదు. తనవాళ్లున్న పల్లెలకి నడిచిపోయి చెప్పాడు. ఒంగోలు ప్రాంతంలో మాదిగపల్లెలు కదిలింది అట్లా. 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఏట్లో దిగి ఇచ్చింది క్లౌ దొర కాదు, మన తెలుగు బోధకులే!

అప్పుడు నాయకత్వం వాడలో పుట్టింది. ఇప్పుడు పైనుంచి దిగుతోంది. కానుకల సంచి పైకి పోతుంది, లెక్క కిందికి రాదు. కమిటీ ఎలక్షన్లు పంచాయితీ ఎలక్షన్లని మించిపోయాయి. మిషన్ స్థలం సంగతి అడిగినోడు చాలాచోట్ల "సంఘాన్ని చీల్చేవాడు" అవుతున్నాడు.

మార్పు అసలే రాలేదా? వచ్చింది. 2013లో నంద్యాలకి పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ ఆమే. కతోలికుల్లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటివారు. గర్వపడదాం. కానీ పైన ఒక మనిషి మారితే కింద పద్ధతి మారినట్టేనా? మనవాడే కూర్చున్నా సరే, అడిగేవాళ్లు లేకపోతే వాడూ దొరే అవుతాడు.

మన తప్పూ ఒప్పుకుందాం. ఒకే ప్రభువు అంటూనే మాలల గుడి, మాదిగల గుడి వేరువేరుగా పెట్టుకున్నాం. చాపలన్నీ నిండేది ఆడవాళ్లతో, సంఘ పెద్దలు మాత్రం మగవాళ్లు!

అందుకే అడుగుదాం:

మూడు నెలలకోసారి ఆరాధన కాగానే జమాఖర్చులు అందరికీ వినబడేలా చదవాలి.

సంఘ పెద్దల్లో సగం మంది ఆడవాళ్లుండాలి.

కూలోళ్లు ఇంటికొచ్చే వేళకి ఆరాధన పెట్టాలి.

సంఘం కూర్చుని తీర్మానం చేయకుండా సంఘం స్థలం సెంటు కూడా చేతులు మారకూడదు.

ఇది దేవుడి మీద తిరుగుబాటు కాదు. గుడి విడిచిపోవడం తేలిక, గుడిలో నిలబడి అడగడమే కష్టం. అయినా పేరయ్య ఎవరి సెలవూ అడగలేదు. మనమూ అడగొద్దు. వచ్చే ఆదివారం ఒక్కరు లేవండి, పక్కన పదిమంది లేస్తారు. ఒక్కటే మాట: "అయ్యగారూ, లెక్క చదవండి!"

జై భీమ్!