డీటీపీ షాపు చుట్టూ ఎన్ని తిరుగుళ్లు?

సోమల నుంచి మదనపల్లెకో, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికో చదువుకు పోయిన పిల్లలు థీసిస్ టైములో నాకు ఫోన్ చేస్తారు. గోడు ఒకటే. "అన్నా, రెండో అధ్యాయంలో ఒక బొమ్మ కలపమన్నారు మా గైడు. ఇప్పుడు బొమ్మల నంబర్లన్నీ మార్చల్ల. డీటీపీ షాపాయన మళ్లీ పేజీకింత అంటా ఉండాడు."

నా జవాబూ ఒకటే. రాసే పనినీ, సింగారించే పనినీ విడదీయండి.

1977లో తన పుస్తకం కొత్త ఎడిషన్ ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక, డొనాల్డ్ నూత్ అనే ప్రొఫెసర్ సొంతంగా 'టెక్' తయారుచేసుకున్నాడు. దానిమీదే 1980ల్లో లెస్లీ లాంపోర్ట్ 'లేటెక్' కట్టాడు. లెక్కల పేపర్లు నేటికీ ఎక్కువగా అందులోనే. అయితే తెరనిండా కోడ్! అది చూసి భయపడేవాళ్ల కోసమే 'లిక్స్' ఉంది. 1995లో మథియాస్ ఎట్రిష్ అనే జర్మన్ విద్యార్థి మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేదు.

ఇందులో అక్షరం సైజు, గ్యాపుల గొడవ మీకొద్దు. "ఇది అధ్యాయం పేరు, ఇది బొమ్మ, ఇది ఫుట్‌నోట్" అని మెనూలో చెప్తే చాలు. నంబర్లు, విషయసూచిక అదే వేసుకుంటుంది. మధ్యలో బొమ్మ కలిపితే మిగతావన్నీ వాటంతటవే జరుగుతాయి. భిన్నాలు, వర్గమూలాలు కోడ్‌లా కాకుండా తెరమీద భిన్నాల్లాగే కనిపిస్తాయి.

మరి తెలుగు? 2004లో వచ్చిన 'జీటెక్' పుణ్యమా అని యూనికోడ్ ఫాంట్లు నేరుగా పనిచేస్తాయి. లిక్స్ సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచుకుని, నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఫాంటు పెట్టుకుంటే వత్తులు చక్కగా కుదురుతాయి.

అసలు సంగతి ఇక్కడే ఉంది. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించిన థీసిస్ కాగితం మీద బాగుంటుంది. దాన్నే కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చిగీతలు. తెలుగులో వెతికితే దొరకదు. మూడేళ్ల కష్టం బీరువాలో బందీ! యూనికోడ్‌లో మీరే రాసుకుంటే ఆ ఫైలు మీ చేతిలో ఉంటుంది, రేపు వేరేవాళ్లకూ పనికొస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. లిక్స్ ఫోన్లో నడవదు, ల్యాప్‌టాప్ కావాలి. అది లేకపోతే బ్రౌజర్‌లో తెరుచుకునే 'ఓవర్‌లీఫ్' చూడండి, దాంట్లోనూ విజువల్ ఎడిటర్ ఉంది. మీ గైడు వర్డ్ ఫైలే కావాలంటే మాత్రం ముందే మాట్లాడుకోండి. సబ్మిషన్ నెలలో కాదు, మొదటి అధ్యాయంతోనే మొదలెట్టండి.